క్యాసినోలో ఫోటోలు: గుమ్మం దాటే ముందు నుంచి పోస్ట్ పెట్టేదాకా టూరిస్టులు తెలుసుకోవాల్సినవి

మొదటిసారి క్యాసినోకి వెళ్లినప్పుడు నేను చేసిన ఒక పని ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది. చక్రం తిప్పి బంతి వేసే ఆట రూలెట్, ఆ టేబుల్ దగ్గర నా స్నేహితుడు నిలబడి ఉన్నాడు, వెనకాల లైట్లు ధగధగలాడుతున్నాయి, నేను ఇంకేం ఆలోచించకుండా ఫోన్ తీసి ఫోటో కొట్టేశాను. టేబుల్ అవతలి చివర కూర్చున్న ఒక పెద్దాయన చటుక్కున మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత తన చిప్స్ (డబ్బుకి బదులు ఆటలో వాడే బిళ్లలు) పోగేసుకుని లేచి వెళ్లిపోయాడు. ఆట నడిపించే ఉద్యోగిని, అంటే డీలర్, ఆట ఆపేసింది. సెక్యూరిటీ అతను వచ్చి మర్యాదగానే "ఫోటో డిలీట్ చేసెయ్యండి" అన్నాడు, చేసేశాను, నన్నెవరూ కోప్పడలేదు. కానీ ఆ పెద్దాయన సాయంత్రం మాత్రం నా వల్లే పాడైంది. ఆయన ఎవరో, ఎందుకు మొహం దాచుకున్నాడో నాకు తెలీదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు.

క్యాసినోలో ఫోటోల గురించి అడిగితే కొందరు "అసలు తీయనివ్వరు" అంటారు, కొందరు "ఎవరూ పట్టించుకోరు, తీసేసుకో" అంటారు. రెండు మాటలూ సగం సగమే నిజం. చాలా చోట్ల ఫోటో తీసుకోవచ్చు. అయితే ఏ మూల తీస్తున్నారు, ఎవర్ని అడిగి తీస్తున్నారు, వెనకాల ఎవరు పడుతున్నారు అన్నదాని మీదే అంతా ఆధారపడి ఉంటుంది. అందులోనూ మూడోదే అన్నిటికంటే ముఖ్యమని నా గట్టి నమ్మకం, కింద రాసిందంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఎందుకో తెలుసుకోండి

రూల్ వెనక కారణం తెలిస్తే దాన్ని పాటించడం కష్టంగా అనిపించదు. క్యాసినోలకి కెమెరా అంటే భయం ఉండటానికి పాత చరిత్ర ఉంది. 1961లో ఎడ్వర్డ్ థార్ప్ అనే గణిత ప్రొఫెసరూ, సమాచార సిద్ధాంతానికి ఆద్యుడైన క్లాడ్ షానన్ కలిసి ఒంటి మీద దాచుకునే చిన్న కంప్యూటర్ తయారుచేసి లాస్ వెగాస్‌లో రూలెట్ మీద ప్రయోగించి చూశారు. బూటులో ఉన్న స్విచ్‌ని కాలి వేలితో నొక్కి చక్రం వేగం, బంతి వేగం దానికి అందిస్తే, బంతి ఏ భాగంలో పడే అవకాశం ఎక్కువో అది లెక్కకట్టి చెప్పేది. తర్వాతి ఏళ్లలో ఇలాంటివి పెరిగేసరికి 1985లో లాస్ వెగాస్ ఉన్న నెవాడా రాష్ట్రం, ఆట ఫలితాన్ని అంచనా వేయడానికో పేక ముక్కలు లెక్కపెట్టడానికో ఏ పరికరం వాడినా నేరమే అని చట్టం చేసింది. 2004లో లండన్‌లో ముగ్గురు రూలెట్ మీద దాదాపు 13 లక్షల పౌండ్లు గెలిస్తే, ఫోన్‌లో దాచిన లేజర్ స్కానర్ వాడారన్న అనుమానంతో పోలీసులు విచారించి, చివరికి కేసు నిలవక డబ్బు వాళ్లకే వదిలేశారు.

కాబట్టి మీరు రూలెట్ చక్రం వైపు ఫోన్ తిప్పగానే డీలర్ మొహం బిగుసుకుపోతే అది మీ మీద కోపం కాదు. మీ చేతిలో ఉన్నది మామూలు ఫోనా, ఇంకేదైనానా అన్నది అక్కడ నిలబడ్డ మనిషికి తెలిసే దారి లేదు, వాళ్ల ఉద్యోగమేమో దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఇది క్యాసినో వైపు కారణం. ఆడుతున్నవాళ్ల వైపు కారణాలు వేరే, అవి నాకు ఇంకా పెద్దవిగా అనిపిస్తాయి. ఇంట్లో తెలియకుండా వచ్చినవాళ్లు ఉంటారు. బాస్‌కి తెలిస్తే ఉద్యోగానికి ఇబ్బంది అయ్యేవాళ్లు ఉంటారు. జూదాన్ని తప్పుగా చూసే కుటుంబాల నుంచో, మతాల నుంచో వచ్చినవాళ్లు ఉంటారు. ఎవరో వేధిస్తుంటే ఆచూకీ తెలియకుండా బతుకుతున్నవాళ్లు ఉంటారు. పెద్ద మొత్తం గెలిచి, ఆ సంగతి బయటికి పొక్కితే దారిలో ఏమవుతుందోనని భయపడేవాళ్లు ఉంటారు. ఇవేవీ లేకుండా, ఓడిపోతున్నప్పుడు తన మొహం ఎవరూ చూడకూడదనుకునే మామూలు మనుషులే ఎక్కువమంది ఉంటారు. అదొక్కటే చాలు కదా, ఫోన్ దించడానికి.

మొదటి అడుగు: బయల్దేరే ముందే రూల్స్ చూసుకోండి

క్యాసినో వెబ్‌సైట్‌లో తరచుగా అడిగే ప్రశ్నల పేజీ ఒకటి ఉంటుంది. అందులో ఫోటోల గురించి రెండు వాక్యాలైనా రాసి ఉంటాయి. కనపడకపోతే హోటల్‌కి ఫోన్ చేసి "గేమింగ్ ఫ్లోర్‌లో ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చా, స్లాట్ మెషీన్ల దగ్గర పరవాలేదా" అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడగండి (గేమింగ్ ఫ్లోర్ అంటే ఆటలు జరిగే హాలు, స్లాట్ మెషీన్ అంటే డబ్బు వేసి బటన్ నొక్కి ఆడే యంత్రం). "ఫోటోలు తీసుకోవచ్చా" అని మొత్తంగా అడిగితే రిసెప్షన్ వాళ్లు లాబీని దృష్టిలో పెట్టుకుని సరేనంటారు, లోపలికి వెళ్లాక కథ వేరేలా ఉంటుంది.

ఊరిని బట్టి పద్ధతి బాగా మారుతుంది. లాస్ వెగాస్‌లో క్యాసినోలో ఫోటో తీయకూడదని ప్రత్యేకంగా చట్టం లేదు, కానీ అది ప్రైవేటు స్థలం, యజమాని పెట్టిందే రూలు. అక్కడ చాలా క్యాసినోలు ఇప్పుడు సరదా ఫోటోల్ని చూసీచూడనట్టు వదిలేస్తాయి, టేబుళ్ల దగ్గర మాత్రం ఒప్పుకోవు. సింగపూర్‌లో మెరీనా బే శాండ్స్‌కి వెళ్తే క్యాసినో గేటు దగ్గర విదేశీయులు పాస్‌పోర్టు చూపించాలి, 21 ఏళ్లు నిండి ఉండాలి, లోపల ఫోటో అన్న మాటే లేదు. చైనాలోని మకావులో కూడా గేమింగ్ ఫ్లోర్ మీద కెమెరా విషయంలో కచ్చితంగా ఉంటారు. మొనాకోలోని మాంటే కార్లోది ఇంకో తీరు. 1863లో మొదలైన ఆ క్యాసినో భవనం చూడటానికే జనం వస్తారు కాబట్టి, ఆటలు మొదలవకముందు ఉదయం పూట టికెట్ కొనుక్కుని హాళ్లన్నీ తిరిగి చూడొచ్చు, ఫోటోలూ తీసుకోవచ్చు. మధ్యాహ్నం ఆట మొదలైందంటే కెమెరాలు సంచిలోనే ఉండాలి. ఆ పైకప్పులు, షాండ్లియర్లు నిజంగా ఫోటో తీసుకోవాలనుకుంటే పొద్దున్నే వెళ్లండి, మనుషులు లేని హాలు ఫోటోలో ఎంత బాగుంటుందో అప్పుడు తెలుస్తుంది.

ఒక ఊళ్లో సరేనన్నారు కదా అని ఇంకో ఊళ్లో అదే చేయొద్దు. ఒకే ఊళ్లో, ఒకే కంపెనీ నడిపే రెండు క్యాసినోల మధ్య కూడా తేడా ఉండొచ్చు.

రెండో అడుగు: గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగండి

బోర్డు చూడండి. కెమెరా బొమ్మ మీద అడ్డగీత ఉంటే ఇక చర్చ లేదు. బోర్డు లేకపోతే అనుమతి ఉన్నట్టు కాదు, అడగాలి అన్నట్టు. మెడలో పెద్ద కెమెరా వేలాడుతుంటే అక్కడే లాకర్‌లోనో హోటల్ గదిలోనో పెట్టేసి రండి. పెద్ద లెన్స్ ఉన్న కెమెరా చూస్తే లోపల అందరూ మిమ్మల్ని విలేకరి అనో, ఎవరి కోసమో పనిచేస్తున్నారనో అనుకుంటారు, మీరు ఒక్క ఫోటో కూడా తీయకపోయినా సరే. ట్రైపాడ్, సెల్ఫీ స్టిక్, రింగ్ లైట్ కూడా గదిలోనే ఉండనివ్వండి.

ఫోన్‌లో నాలుగు మార్పులు ఇక్కడే చేసేసుకోండి. ఫ్లాష్ పూర్తిగా ఆపేయండి, ఆటోమేటిక్‌లో ఉంచొద్దు. ఫోటో తీసినప్పుడు వచ్చే చప్పుడు తగ్గించండి, చాటుగా తీయడానికి కాదు, ఆ చప్పుడుకి పక్కవాళ్లు ఉలిక్కిపడకుండా. ఫోటోలు తీసిన వెంటనే వాటంతటవే ఎక్కడైనా షేర్ అయ్యే సెట్టింగ్ ఉంటే ఆపండి. లొకేషన్ కూడా ఆపేస్తే మంచిది, ఎందుకో చివర్లో చెప్తాను.

మూడో అడుగు: ఎక్కడ హాయిగా తీసుకోవచ్చో ముందు అక్కడే తీసుకోండి

నిజం చెప్పాలంటే గేమింగ్ ఫ్లోర్ ఫోటోలు పెద్దగా బాగుండవు. మసక వెలుతురు, కళ్లు మిరుమిట్లు గొలిపే తెరలు, మొహాల మీద ఎర్రటి నీలం రంగులు. అందమైనవన్నీ దాని చుట్టుపక్కలే ఉంటాయి, అక్కడ ఎవరూ అడ్డుపెట్టరు. లాస్ వెగాస్ బెల్లాజియోలో లాబీ పైకప్పు నిండా డేల్ చిహులీ చేసిన దాదాపు 2,000 గాజు పూలు ఉంటాయి, ఆ హోటల్ 1998లో తెరిచినప్పటి నుంచీ జనం తల పైకెత్తి ఫోటోలు తీస్తూనే ఉన్నారు. పక్కనే పూలతోట, బయట ఫౌంటెన్లు. వెనీషియన్ హోటల్‌లో రంగులేసిన పైకప్పులు, పడవలు తిరిగే కాలువ. మెరీనా బే శాండ్స్ పైన ఊరంతా కనపడే డెక్. లాస్ వెగాస్‌కి స్వాగతం పలికే ఆ ప్రసిద్ధ బోర్డు, 1959లో బెట్టీ విల్లిస్ గీసినది, రోడ్డు మధ్యలో ఎప్పుడూ అందుబాటులో ఉంటుంది. కాకపోతే అక్కడ వరస ఉంటుంది, వరసలో నిలబడండి, ముందున్నవాళ్ల ఫోటో మీరు తీసిపెడితే మీది వెనకవాళ్లు తీసిపెడతారు.

స్లాట్ మెషీన్‌తో ఫోటో కావాలంటే లాస్ వెగాస్ విమానాశ్రయంలోనే గేట్ల మధ్య మెషీన్లు వరసగా పెట్టి ఉంటాయి. ఖాళీగా ఉన్న మెషీన్ పక్కన నిలబడి ఒకటి తీసుకుంటే సరిపోతుంది. అక్కడా పక్క మెషీన్ మీద ఆడుతున్నవాళ్లు ఫ్రేమ్‌లోకి రాకుండా చూసుకోండి, అంతే.

పిల్లలతో వెళ్లినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. నెవాడాలో 21 ఏళ్లలోపు వాళ్లు ఆటల మధ్య నుంచి దారి వెంట నడిచి వెళ్లొచ్చు, కానీ ఆగకూడదు. పిల్లవాణ్ని స్లాట్ మెషీన్ ముందు కుర్చీలో కూర్చోబెట్టి ముద్దుగా ఒక ఫోటో అనుకుంటారు కొందరు. సెక్యూరిటీ వెంటనే వస్తారు, రావాలి కూడా. మైనర్లు గేమింగ్ ఏరియాలో ఆగినట్టు తేలితే క్యాసినో తమ లైసెన్సింగ్ అధికారులకి జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. కుటుంబం ఫోటో లాబీలో తీసుకోండి.

నాలుగో అడుగు: ఎవర్ని అడగాలో తెలుసుకుని అడగండి

డీలర్‌ని అడగొద్దు. పాపం ఆమెకి సరేననే అధికారం ఉండదు, కాదనాలంటే మొహమాటం, పైగా చేతిలో ఆట నడుస్తుంటుంది. టేబుళ్ల వెనక సూటులో నిలబడి అటూ ఇటూ చూస్తూ ఉండే మనిషి పిట్ బాస్, కొన్ని చోట్ల ఫ్లోర్ సూపర్‌వైజర్ అంటారు. అడగాల్సింది వాళ్లని. స్లాట్ మెషీన్ల దగ్గరైతే ఆ వరసల్లో తిరిగే అటెండెంట్‌ని. ఎవరూ కనపడకపోతే సెక్యూరిటీని.

అడిగేటప్పుడు ఫోన్ జేబులో ఉండనివ్వండి. చేతిలో కెమెరా తెరిచి పట్టుకుని అడగడమంటే సగం తీసేశాక అడిగినట్టే. ఏం తీయాలనుకుంటున్నారో స్పష్టంగా చెప్పండి: "ఈ ఖాళీ మెషీన్ పక్కన నా భార్య ఫోటో ఒక్కటి తీసుకుంటానండీ, వెనకాల గోడ తప్ప ఇంకెవరూ రారు." ఇలా అడిగితే సరేనంటారు చాలాసార్లు. వాళ్లే వచ్చి ఎక్కడ నిలబడితే బాగుంటుందో చూపించినవాళ్లూ ఉన్నారు. వద్దంటే "సరేనండీ, థాంక్స్" అని వదిలేయండి. ఇంకో ఉద్యోగి దగ్గరికెళ్లి మళ్లీ అదే అడగడం మాత్రం చేయొద్దు, ఒకరు కాదన్నాక ఇంకొకరితో అవుననిపించుకుంటే రేపు మాట పడేది ఆ రెండో మనిషి.

ఐదో అడుగు: స్లాట్ మెషీన్ల దగ్గర

ఇక్కడ కాస్త వెసులుబాటు ఎక్కువ. మీరు ఆడుతున్న మెషీన్, మీ తెర, మీ మొహం, ఇంతవరకు చాలా చోట్ల ఏమీ అనరు. మెషీన్‌కి దగ్గరగా జరిగి, ఫోన్‌ని కొంచెం కిందికి వంచి తీస్తే పక్క కుర్చీ కూడా రాదు. మీరు ఆడని మెషీన్ ముందు కుర్చీ పట్టుకుని పావుగంట పోజులిస్తూ కూర్చోవడం మాత్రం బాగోదు, ఆడదామని వచ్చినవాళ్లు వెనకాల నిలబడి చూస్తుంటారు, అడగడానికి మొహమాటపడి వెళ్లిపోతారు.

పక్కావిడకి జాక్‌పాట్ తగిలింది, మెషీన్ మోగుతోంది, జనం మూగారు. ఆ క్షణంలో మీరూ ఫోన్ తీసి ఆమె తెరని, ఆమె మొహాన్ని వీడియో తీయడం ఎంత సహజంగా అనిపించినా అది ఆమె డబ్బు, ఆమె సంతోషం. నోరారా అభినందించండి. ఆమె "నా ఫోటో ఒకటి తీసిపెడతారా" అని తన ఫోన్ ఇస్తే తీసి తిరిగి ఇచ్చేయండి. మీ ఫోన్‌లో మాత్రం వద్దు.

ఆరో అడుగు: టేబుళ్ల దగ్గర ఫోన్ తీయకపోవడమే పద్ధతి

బ్లాక్‌జాక్, రూలెట్, బకరా, క్రాప్స్, ఏదైనా సరే, కుర్చీలో కూర్చున్న క్షణం నుంచి ఫోన్ జేబులో ఉండాలి. కొన్ని చోట్ల టేబుల్ దగ్గర ఫోన్‌లో మాట్లాడటమే ఒప్పుకోరు, మెసేజ్ చూసుకోవాలన్నా లేచి రెండడుగులు పక్కకి జరగమంటారు. టేబుల్ మీద పరిచిన ఆ గుడ్డ మీద ఫోన్ పెట్టొద్దు. పైనున్న కెమెరాలకి చిప్స్, ముక్కలు స్పష్టంగా కనపడాలి, మీ ఫోన్ వాటికి అడ్డం.

పైన కెమెరాలున్న ఈ ఏర్పాటుని ఆ వృత్తిలో ఐ ఇన్ ద స్కై అంటారు, అంటే ఆకాశంలో కన్ను. కెమెరాలు రాకముందు క్యాసినో పైకప్పు మీద సన్నటి నడకదారులు కట్టి, ఒక వైపు నుంచి మాత్రమే కనపడే అద్దాల గుండా మనుషులే కిందికి చూస్తూ తిరిగేవాళ్లు. డీలర్ టేబుల్ వదిలి వెళ్లేటప్పుడు రెండు చేతులూ చప్పట్లు కొట్టి అరచేతులు తిప్పి చూపిస్తారు, గమనించారా? చేతిలో చిప్ ఏదీ లేదని పైనున్న కంటికి చూపించడం అది. తన అరచేతుల్ని రోజుకి పదిసార్లు కెమెరాకి చూపించుకుని పనిచేసే మనిషి మీతో సెల్ఫీకి భుజం కలపలేరు, మీ ఫోన్ అందుకుని మీకు ఫోటో తీసిపెట్టలేరు. టేబుల్ అవతలి నుంచి ఏ వస్తువూ నేరుగా చేతికి తీసుకోకూడదన్నది వాళ్లకి నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి, అందుకే మీ డబ్బు కూడా టేబుల్ మీద పెట్టమంటారు. దయచేసి వాళ్లని అడిగి ఇబ్బంది పెట్టకండి. ఆమెకి కూడా ఇంట్లో పిల్లలుంటారు, తన మొహం పరిచయం లేనివాళ్ల ఫోన్లలో ఊరూరా తిరగడం ఆమెకీ ఇష్టం ఉండకపోవచ్చు.

పోకర్ గదిలో ఇంకో మెలిక ఉంది. ఆట మధ్యలో మీ ముక్కల్ని ఫోటో తీశారంటే, ఎవరికైనా పంపించి సలహా అడుగుతున్నారని అనుమానం వస్తుంది, ఆ ఆటలో మీ ముక్కల్ని రద్దు చేసే అధికారం వాళ్లకి ఉండొచ్చు. జీవితంలో ఒక్కసారి వచ్చే ముక్కలు వచ్చినా సరే, ఆట ముగిశాక, డీలర్ ముక్కలు లాక్కునే ముందు, "ఒక ఫోటో తీసుకోవచ్చా" అని అడగండి. కొందరు ఆగుతారు, కొందరు ఆగరు.

చిప్స్ ఫోటో కావాలనిపిస్తే ఆట అయ్యాక, డబ్బు మార్చుకునే ముందు, టేబుళ్లకి దూరంగా ఎక్కడైనా కూర్చుని మీ అరచేతిలో పెట్టుకుని తీసుకోండి. డబ్బు మార్చే కౌంటర్ ఉంది చూశారా, దాన్ని కేజ్ అంటారు, దాని చుట్టుపక్కల మాత్రం ఫోన్ పైకెత్తొద్దు. అక్కడ ఫోటో తీస్తే దొంగతనానికి రెక్కీ చేస్తున్నారేమో అనుకుంటారు. గేట్లు, కెమెరాలు, సెక్యూరిటీ నిలబడే చోట్లు, ఉద్యోగులు మాత్రమే వెళ్లే తలుపులు, ఇవన్నీ ఇదే లెక్క.

ఏడో అడుగు: వెనకాల ఎవరున్నారో చూడండి

నా దృష్టిలో అసలు సంగతి ఇదే. ఫోటో తీసేటప్పుడు మన కళ్లు మన మనిషి మీదే ఉంటాయి, చిరునవ్వు సరిగ్గా వచ్చిందా, కళ్లు మూసుకున్నారా అని. వెనకాల ఉన్నవాళ్లు మనకి రంగు మచ్చల్లా కనిపిస్తారు. ఇప్పటి ఫోన్ కెమెరాలకి మాత్రం వాళ్లు మచ్చలు కాదు, పెద్దది చేసి చూస్తే ముక్కూ మొహం తెలిసిపోతాయి. మొహాన్ని బట్టి మనిషిని వెతికే సాధనాలు కూడా వచ్చేశాయి.

నేను ఇప్పుడు పాటించే పద్ధతి చెప్తాను. బటన్ నొక్కే ముందు ఫ్రేమ్ నాలుగు మూలలూ ఒకసారి కళ్లతో చుట్టేస్తాను. మొహం కనిపిస్తే రెండడుగులు పక్కకి జరుగుతాను. గోడ, స్తంభం, పెద్ద మొక్క, ఖాళీ మెషీన్ల వెనకభాగం, వీటిని వెనక పెట్టుకుంటాను. లేదా కెమెరాని కింద నుంచి పైకి వంచి పైకప్పు లైట్లు పడేలా తీస్తాను, నిజానికి అదే అందంగా వస్తుంది. ఎంత చూసినా ఎవరో ఒకరు పడితే అక్కడికక్కడే కత్తిరించేస్తాను, తర్వాత చూసుకుందాంలే అని వాయిదా వేస్తే అది ఎప్పటికీ జరగదు.

ఎవరైనా మీ వైపు చూసి చెయ్యి అడ్డం పెట్టినా, మొహం తిప్పుకున్నా మీరే ముందు వెళ్లండి. ఫోన్ తెర వాళ్లకి చూపించి, ఆ ఫోటో తీసేసి, డిలీట్ అయినవి దాచే ఫోల్డర్ నుంచి కూడా తీసేసి "సారీ అండీ" అనండి. పది సెకన్ల పని. ఆ పెద్దాయన విషయంలో నేను చేయాల్సిందీ, చేయనిదీ అదే. సెక్యూరిటీ చెప్పాక డిలీట్ చేశాను తప్ప ఆయనకి ఒక మాట చెప్పలేదు.

తూలుతున్నవాళ్లు, ఏడుస్తున్నవాళ్లు, టేబుల్ దగ్గర గొడవపడుతున్నవాళ్లు, తెల్లవారుజామున మెషీన్ ముందు తలవాల్చి నిద్రపోయినవాళ్లు. ఇలాంటివి తీసి పెట్టేవాళ్లని చూశాను. అవతలి మనిషి ఆ రాత్రి ఏం పోగొట్టుకున్నాడో మనకి తెలీదు. వద్దు.

ఎనిమిదో అడుగు: వీడియో, లైవ్, కెమెరా కళ్లద్దాలు

ఫోటోకి సరేనన్నారంటే వీడియోకి సరేనన్నట్టు కాదు. వీడియోలో పక్కవాళ్ల మాటలు కూడా పడతాయి. కొన్ని చోట్ల మనుషుల మాటలు వాళ్లకి చెప్పకుండా రికార్డు చేయడం మీద వేరే చట్టాలే ఉన్నాయి. లైవ్ పెట్టడం అన్నిటికంటే ప్రమాదకరం, వెనకాల పడ్డ మనిషిని కత్తిరించే అవకాశమే ఉండదు కదా. స్లాట్ ఆడుతూ వీడియోలు పెట్టేవాళ్లు చాలామంది ముందుగా క్యాసినోతో మాట్లాడుకుని అనుమతి తీసుకునే చేస్తారు. వాళ్ల వీడియోలు చూసి మనమూ అలా మొదలుపెట్టడం సరికాదు.

కెమెరా ఉన్న కళ్లద్దాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 2013లో గూగుల్ గ్లాస్ వచ్చినప్పుడే న్యూజెర్సీ అధికారులు క్యాసినోల్లో అవి పెట్టుకుని ఆడకూడదని ఆదేశించారు, లాస్ వెగాస్‌లో పెద్ద కంపెనీలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు మామూలు అద్దాల్లాగే కనిపించే స్మార్ట్ గ్లాసెస్ చాలామంది వాడుతున్నారు, చూపుకి అవసరమైన పవర్ కూడా వాటిలోనే వేయించుకుంటున్నారు. మీరూ అలా వాడుతుంటే మామూలు అద్దాల జత ఒకటి తప్పకుండా వెంట తీసుకెళ్లండి. టేబుల్ దగ్గర తీసేయమంటే చూపు సరిగా కనపడక ఇబ్బంది పడేది మీరే, "రికార్డు చేయట్లేదు" అని ఎంత చెప్పినా అది రుజువు చేసే దారి ఉండదు.

తొమ్మిదో అడుగు: మీరే గెలిస్తే

ఆ సంతోషం నాకు తెలుసు, అందరికీ చూపించాలనిపిస్తుంది. పెద్ద గెలుపైతే మెషీన్ ఆగిపోయి అటెండెంట్ వచ్చి చేతికే డబ్బు చెల్లిస్తారు, హ్యాండ్ పే అంటారు దీన్ని. ఆలోగా తెర ఫోటో ఒకటి తీసుకోవచ్చా అని అడిగితే సాధారణంగా కాదనరు, కొన్ని క్యాసినోలు వాళ్లే పెద్ద చెక్కు పట్టించి ఫోటో తీసిపెడతాయి. ఆ ఫోటోని వాళ్లు ప్రచారానికి వాడుకుంటామంటే మీరు ఒప్పుకోవాల్సిన బలవంతం ఏమీ లేదు, సంతకం పెట్టే కాగితం చదివి పెట్టండి. అటెండెంట్ మొహం, ఆమె బ్యాడ్జి మీది పేరు మీ ఫోటోలో రాకూడదు. పన్ను కాగితాలు, పాస్‌పోర్టు, నోట్ల కట్టలు కూడా రాకూడదు.

మెషీన్ నుంచి వచ్చే టికెట్ గురించి మాత్రం గట్టిగా చెప్తున్నా. ఆ బార్‌కోడ్ ఉన్న కాగితమే డబ్బు. దాన్ని ఫోటో తీసి పెట్టడమంటే డబ్బు ఫోటో కాదు, తాళంచెవి ఫోటో పెట్టినట్టు. 2015లో మెల్‌బోర్న్ కప్ గుర్రప్పందెంలో ఎవరూ ఊహించని ప్రిన్స్ ఆఫ్ పెన్జాన్స్ గెలిచినప్పుడు, దాని మీద పందెం కాసిన ఒకావిడ గెలిచిన టికెట్‌తో సెల్ఫీ తీసి ఆన్‌లైన్‌లో పెట్టింది. ఆ ఫోటోలోని బార్‌కోడ్‌తో ఎవరో ఆటోమేటిక్ మెషీన్ దగ్గర ఆమె గెలిచిన 825 ఆస్ట్రేలియన్ డాలర్లు తీసేసుకున్నారు. ఆమె అనుమానపడింది ఎవర్నో కాదు, తన పోస్ట్ చూడగలిగే పరిచయస్థుల్లో ఒకరిని. టికెట్ ఫోటో కావాలనిపిస్తే బార్‌కోడ్‌ని వేలితో మూసే తీసుకోండి.

పదో అడుగు: సెక్యూరిటీ వచ్చి మాట్లాడితే

టెన్షన్ పడకండి. చాలాసార్లు ఒక్క మాటతో అయిపోతుంది. ఫోన్ కిందికి దించి, చెప్పేది పూర్తిగా విని, "తెలియలేదండీ, తీసేస్తాను" అని వాళ్ల ముందే తీసేయండి. "బోర్డు ఎక్కడ ఉంది", "అతను కూడా తీశాడు కదా" లాంటి వాదనలు పెట్టుకోవద్దు. అది వాళ్ల స్థలం, బయటికి వెళ్లమనే హక్కు వాళ్లకి ఉంది, వెళ్లమన్నాక కూడా నిలబడితే అక్రమ ప్రవేశం కింద అది మీ మీదికే వస్తుంది. మళ్లీ రావద్దని పేరు రాసుకుంటే ఆ హోటల్‌లోనే గది తీసుకున్నవాళ్ల పరిస్థితి ఆలోచించండి.

అలాగని ఫోన్ మొత్తం వాళ్ల చేతికిచ్చేయాల్సిన పనీ లేదు. ఫోటో మీరే తెరిచి, మీరే చూపించి, మీరే తీసేయండి. ఫోన్ ఇవ్వమని అడిగితే, గొంతు పెంచకుండా, "నేనే చూపిస్తానండీ, మేనేజర్ గారిని పిలవగలరా" అని అడగండి. భాష రాని దేశంలో ఉంటే ఈ రెండు వాక్యాలు ముందే అనువాదం చేసి ఫోన్‌లో ఉంచుకోండి.

చివరిది: పోస్ట్ పెట్టేటప్పుడు

క్యాసినోలో ఉండగానే పెట్టొద్దు. గదికో, వీలైతే ఇంటికో వెళ్లాక పెట్టండి. జేబులో గెలిచిన డబ్బుతో ఫలానా హోటల్‌లో ఉన్నామని అప్పటికప్పుడు లోకానికి చెప్పడం మీకే మంచిది కాదు, లొకేషన్ ఆపమన్నది అందుకే. తీరిగ్గా కూర్చున్నప్పుడు ఫోటోల్ని పెద్దవి చేసి మూలమూలా చూడండి, అక్కడ కనపడని మొహాలు ఇక్కడ కనపడతాయి. వాటిని కత్తిరించండి లేదా మసకచేయండి, కుదరకపోతే ఆ ఫోటో పెట్టకండి.

మీతో వచ్చిన స్నేహితుల్ని కూడా అడగండి. ఇది చాలామంది మర్చిపోతారు. మీతో సరదాగా ఫోజిచ్చిన మనిషికి, ఆ ఫోటో తన ఆఫీసువాళ్లో అత్తమామలో చూడటం ఇష్టం లేకపోవచ్చు. "ఇది పెడుతున్నా, నిన్ను ట్యాగ్ చేయనా" అని మెసేజ్ పంపి, జవాబు వచ్చాకే పెట్టండి, జవాబు రాకపోతే ఆగండి.

పెట్టాక ఎన్నాళ్లకో ఒక పరిచయం లేని మనిషి "వెనకాల ఉన్నది నేను, తీసేయగలరా" అని మెసేజ్ చేయొచ్చు. ఎందుకని అడగకండి. చూసిన వెంటనే తీసేసి, తీసేశానని వాళ్లకి తిరిగి ఒక మాట రాయండి.